పక్కవీధి గొంతు

ఆ రోజు పొద్దున్నే కళ్ళజోళ్ళ కొట్టు వెనకగదిలో ఒక లెన్సు అన్యాయమైపోయింది. కుడికంటిది ఎడమకంటి కొలతకి అరగదీసేసింది ఆమె. చేతిలో లెన్సు ఉంది గానీ మనసు మనసులో లేదు. మధ్యాహ్నం సగం రోజు సెలవు పెట్టి బస్సు డిపో పక్కనున్న కాఫీ కొట్టులో ఒక మనిషిని కలవాలి. ఇంటర్నెట్‌లో తప్ప ఇంతవరకూ ఎదురుపడని మనిషిని. ఆ మనిషి తనకు స్నేహితురాలవుతుందా లేదా అన్నది ఇవాళ తేలిపోతుంది. తేలేదాకా కాలు ఒకచోట నిలవడం లేదు, చెయ్యి చెప్పినమాట వినడం లేదు.

"ఏంటమ్మా, ఇవాళ గాజుముక్కల మీద పగబట్టావా?" అన్నాడు ఓనరు, తలుపులోంచి తొంగిచూసి.

"పొరపాటైందండీ. ఇంకోటి కోస్తాను."

"కొయ్యి. ఈసారి కళ్ళు పెట్టి కొయ్యి. కళ్ళజోళ్ళ కొట్టులో ఆ మాత్రం అడగొచ్చనుకుంటా."

తగువంతా అత్తగారితో కాబట్టి ఈమెను కోడలనే అందాం. మొగుడిది కోల్డ్ స్టోరేజీల్లో మిషన్లు బాగుచేసే ఉద్యోగం. కంపెనీవాళ్ళు ఈ ఊరికి పొమ్మంటే పెళ్ళాన్నీ తల్లినీ వెంటబెట్టుకొచ్చి, మూడో అంతస్తులో ఒక చిన్న వాటాలో దింపి, తను మాత్రం వారంలో సగం రోజులు ఎక్కడో చల్లటి గదుల్లో గడుపుతుంటాడు. ఊరు కాని ఊరు. ఎదురింటి తలుపు ఎప్పుడు చూసినా మూసే ఉంటుంది. మెట్ల మీద ఎదురైనవాళ్ళు నవ్వుతారు, రెండో మెట్టు దిగేలోపు ఆ నవ్వు ఆరిపోతుంది. పనిచేసేచోటా అంతే. కొట్టుకొచ్చేవాళ్ళ జోళ్ళన్నీ ఆమె చేతుల మీదుగానే పోతాయి గానీ, ఆ జోళ్ళలోంచి ఒక్క కన్నూ ఆమెను చూసిన పాపాన పోలేదు. ఒంట్లో నలతగా ఉంటే ఏమైందని అడిగే మనిషి, బజారుకి తోడు రమ్మంటే వచ్చే మనిషి, ఒక్కరంటే ఒక్కరు కావాలి ఆమెకు. అత్తగారు ఉందిగా అంటారా? అత్తగారు అత్తగారే. పాలు తీసుకున్నావా, గ్యాసు ఎన్నాళ్ళొస్తుంది, అబ్బాయి ఫోను చేశాడా అన్న మూడు ప్రశ్నలతో వాళ్ళ మాటలు మొదలై, ఆ మూడింటితోనే అయిపోతాయి.

అందుకే ఫోనులో 'ఇరుగుపొరుగు' అనే యాప్ ఎక్కించుకుంది. ఇంటి చుట్టుపక్కల ఉన్న కొత్తవాళ్ళతో స్నేహం కలిపే యాప్ అట. అందులో అసలు పేర్లు పెట్టకూడదు, మారుపేర్లే. ఆమె 'పక్కవీధి' అని పెట్టుకుంది. మొదట తగిలినావిడ రెండోరోజే బీమా పాలసీ గురించి ఎత్తింది. తర్వాత తగిలినావిడ పొద్దున్నే గులాబీపువ్వు బొమ్మ పంపేది. ఏం అడిగినా మళ్ళీ గులాబీపువ్వే. ఆ తర్వాత తగిలింది ఆవిడ కాదు, ఆయన. ఆ సంగతి వదిలేద్దాం. చివరికి దొరికింది 'నల్లగొడుగు'.

నల్లగొడుగు సిటీబస్సు డ్రైవరు. రెండు ట్రిప్పుల మధ్య మధ్యాహ్నం దొరికే విరామంలో మెసేజీలు పెట్టేది. 'ఇవాళ ఒకాయన బస్సెక్కి, ఎక్కడికి పోతుందని కూడా అడక్కుండా కూర్చుని, ఆఖరి స్టాపులో ఇదేనా అన్నాడు. ఏది ఇదేనా అంటే ఆయనకీ తెలీదు.' అలాంటివి. అది చదివి కోడలు కొట్టు గుమ్మంలోనే పకపకా నవ్వింది. కాకపోతే చదివేసరికి సాయంత్రమయ్యేది. గాజుపొడి అంటిన తడి చేతులతో ఫోను ముట్టుకోకూడదని ఓనరు నియమం, ఫోన్లన్నీ పనయ్యేదాకా సొరుగులోనే. సాయంత్రం అది చేతికి రాగానే ఆమె ఆపుకోలేకపోయేది. మీ ఇల్లెక్కడ, పిల్లలెంతమంది, సెలవెప్పుడు, కూరగాయలు ఎక్కడ కొంటారు? ఒకదానికి జవాబు రాకముందే ఇంకోటి. ఆకలి రుచెరగదంటారు. స్నేహం కోసం పడే ఆకలి వరస కూడా ఎరగదు.

ఫోను తెర చిన్నదని ఇంట్లో ఉన్న ట్యాబులో కూడా అదే ఖాతా తెరిచిపెట్టింది. కొంప మునిగింది అక్కడే.

అత్తగారు సర్వీసంతా టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. బోర్డు మీద దీపం వెలిగితే ప్లగ్గు గుచ్చి మాట్లాడాలి, ఎవరు ఎవరికి చేసిందైనా సరే. మోగిన లైన్ని మోగుతూ వదిలేయడమంటే, ఆవిడ లెక్కలో, గుమ్మంలో నిలబడ్డ మనిషి మొహాన తలుపు వేయడమే. రిటైరై ఇన్నేళ్ళయినా పక్కింట్లో ఫోను మోగితే ఆవిడ కుడిచెయ్యి లేస్తుంది. అలాంటి మనిషి ఒక్కతే కూర్చున్న ఇంట్లో, మిట్టమధ్యాహ్నం, బల్ల మీద ట్యాబు టింగుమంది.

ఆ సాయంత్రం కోడలు ఫోను తెరిచి చూస్తే మాటలు తనకు తెలియకుండానే చాలాదూరం పోయి ఉన్నాయి. 'మోకాలు మళ్ళీ పట్టేసింది, క్లచ్ తొక్కినప్పుడల్లా ప్రాణం పోతోంది' అని నల్లగొడుగు రాస్తే, 'ఎడమదేనా? పొద్దున లేవగానే ఎక్కువా, సాయంత్రానికి ఎక్కువా? తొందరేం లేదు, నిదానంగా చెప్పు' అని పక్కవీధి జవాబిచ్చింది. దానికి నల్లగొడుగు నిదానంగానే చెప్పింది. మోకాలితో మొదలుపెట్టి, మాట్లాడటం తగ్గించిన కూతురి దాకా వెళ్ళింది. కోడలు వారాల తరబడి ప్రశ్నలు గుప్పించినా రాని కబుర్లు అవి.

"అత్తయ్యా, నా మెసేజీలకి మీరు జవాబిచ్చారా?"

"లైను మోగింది. తీశాను."

"అది లైను కాదు అత్తయ్యా. అది నాది."

"నీ పేరేం లేదు దానిమీద. పక్కవీధి అని ఉంది. నేనూ ఈ వీధిలోనేగా ఉంటున్నాను."

కోడలికి ఒళ్ళు మండిపోయింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నోటిదాకా వచ్చింది గానీ, ఎదుట ఉన్నది పెద్దావిడ కాబట్టి మింగేసింది. "ఇంకెప్పుడూ ముట్టుకోకండి" అంది.

"మోగుతుంటే?"

"మోగనివ్వండి."

అప్పుడు చూడాలి అత్తగారి మొహం. ఆవిడ ముందు అంతకంటే పెద్ద బూతు ఎవరూ మాట్లాడి ఉండరు. అయినా మాటకి కట్టుబడింది. మర్నాటి నుంచి మధ్యాహ్నం కాగానే ట్యాబు మీద దిండు పెట్టి, తను బాల్కనీలోకి వెళ్ళి నిలబడేది.

ఇక్కడితో కథ సుఖంగా ముగియాలి. ముగియలేదు. నల్లగొడుగు మాటలు పల్చబడ్డాయి. 'ఒంట్లో బాగాలేదా? మీరు మీలా లేరు' అని రాసింది ఒకరోజు. కోడలికి అది మింగుడుపడలేదు. తను అచ్చం తనలాగే ఉంది, తనలా ఉంటేనే తనలా లేదంటోంది ఆ మనిషి! తర్వాత ఆ మాత్రం పలకరింపూ ఆగిపోయింది. సాయంత్రం సొరుగులోంచి ఫోను తీయడం, ఏమీ లేకపోవడం, బస్సులో మళ్ళీ తీయడం, మెట్ల మీద మళ్ళీ తీయడం. అన్నం ముందు కూర్చుని కూడా చూసుకునేది. అత్తగారు అక్కడక్కడే తచ్చాడుతూ కనిపెడుతుంటే, కాపలా కాస్తోందని ఇంకా చిరాకు.

చివరికి ఒక పొద్దున చెప్పులు వేసుకుంటూ, మొహం చూడకుండా అంది: "అత్తయ్యా, మధ్యాహ్నం మీకు వీలైతే... ఆ ట్యాబు కాస్త చూస్తూ ఉండండి."

"మోగితే తియ్యమంటావా, వద్దంటావా? సరిగ్గా చెప్పు. తర్వాత నన్ననకు."

"తియ్యండి."

"సరే" అని అత్తగారు ఎంత నిదానంగా అందో, అంత వేగంగా దిండు లాగేసింది.

ఆ రోజుతో మాటలు మళ్ళీ ఊపందుకున్నాయి. మధ్యాహ్నం అత్త వండిపెట్టిన కబుర్లు సాయంత్రం కోడలు వేడిచేసి వడ్డించేది. అత్తగారు ఏం రాసిందో చదువుకుని, ఆ తీరులోనే ఒకటి రెండు మాటలు కలిపి, ఎవరికీ తెలియనట్టు నెట్టుకొచ్చింది. ఇది మోసం కాదా అని మనసు పీకేది. స్నేహమంటూ కుదిరాక మెల్లగా చెప్పొచ్చులే అని దాని నోరు నొక్కేది. ఇంతలో నల్లగొడుగే అడిగింది, ఒకసారి కలుద్దామా అని. కోడలు ఎగిరి గంతేసింది.

అత్తగారు మాత్రం ముందురోజు సాయంత్రమంతా కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది.

"వెళ్తే వెళ్ళు గానీ, ఎక్కువ మాట్లాడకు."

"అంటే?"

"అంటే... వినాలి. అసలు మొదట్లో మాట్లాడకపోయినా పర్లేదు. తల ఊపు చాలు."

"తల ఊపడానికి నేనేమైనా గంగిరెద్దునా అత్తయ్యా?"

అత్తగారు ఇంకేదో చెప్పబోయి, కొళాయి కట్టెయ్యాలంటూ లోపలికి వెళ్ళిపోయింది. అంత చాతకానిదాన్నా నేను అని కోడలు తెల్లవార్లూ ఉడికింది. లెన్సు తప్పు కోత పడటానికి అదీ ఒక కారణమే.

కాఫీ కొట్టులో కిటికీ పక్క బల్ల మీద నల్లగొడుగు కనబడింది. బయట ఎండ మండిపోతోంది, పేరుకి తగ్గట్టే గొడుగు ఉంది. దాని వెనక యూనిఫాంలో, కాస్త బొద్దుగా, జుట్టు సగం నెరిసిన ఒకావిడ. ఎడమకాలు బారజాపుకుని కూర్చుంది. కోడల్ని చూసి గుర్తుపట్టినట్టు లేచి నిలబడి, రెండు చేతులూ ముందుకు చాపింది. ఈ ఊరికొచ్చాక తనను చూసి ఒక మనిషి అలా లేవడం అదే మొదలు. అత్తగారి సలహా ఆ క్షణాన గాలికి పోయింది.

"నేనేనండీ, పక్కవీధిని! ఆలస్యమైందా? మీరెప్పుడొచ్చారు? మోకాలెలా ఉంది? ఇంత ఎండలో గొడుగు వేసుకునే వచ్చారా?"

ఆవిడ చాపిన చేతులు అలాగే ఆగిపోయాయి. నవ్వు కూడా.

"మీరెవరు?" అంది.

"పక్కవీధిని."

"కాదు. పక్కవీధి గొంతు నాకు తెలుసు. రోజూ మాట్లాడుకుంటున్నాం."

కోడలి మొహాన కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. ఆ యాప్‌లో రాసుకోవడమే కాదు, ఫోను కూడా చేసుకోవచ్చని ఆమెకు తెలుసు. కాకపోతే ఆ మీట ఎప్పుడూ నొక్కి చూడలేదు. అటునుంచి నొక్కితే ఇంట్లో ట్యాబు మోగుతుందని, మోగితే అత్తగారు ఏం చేస్తుందని, ఆలోచించనూ లేదు. వేడిచేసి వడ్డించానని మురిసిన వంటలో తనకు చేరింది అడుగున మిగిలిందన్నమాట.

ఇక దాచేందుకేముంది? కూలబడి ఉన్నదంతా చెప్పేసింది. డ్రైవరమ్మ మధ్యలో ఆపకుండా వింది. అంతా విని, "మీ అత్తగారా? ఆ గొంతుకి అంత వయసుందా!" అని నవ్వబోయి, నవ్వలేకపోయింది. "సాయంత్రం మెసేజీలు మీవన్నమాట. మధ్యాహ్నం అంత నిదానంగా ఉండే మనిషి సాయంత్రానికి ఇలా అయిపోతుందేంటా అనుకునేదాన్ని. ఇంట్లో ఏదో కష్టముంది కాబోలని."

"నావి ఎలా ఉండేవి?" అని అడిగింది కోడలు. అడక్కుండా ఉండాల్సింది.

"ఏమీ అనుకోకండి. జనాభా లెక్కలకి వచ్చినట్టుండేది."

కోడలు కాఫీ గ్లాసు పక్కకి నెట్టింది. "నా గురించి ఏమైనా చెప్పేవారా ఆవిడ?" అంది.

"ఇంట్లో ఒక అమ్మాయి ఉందని చెప్పేవారు. చెప్పులు విప్పకముందే ఫోను చూస్తుందట. పక్కన ఎవరూ లేకపోతే సగం తిని లేచిపోతుందట, అందుకని తినేదాకా ఏదో పనున్నట్టు అక్కడే తిరుగుతారట. అది మీరేనా?"

కోడలు తల ఊపింది.

డ్రైవరమ్మ గడియారం చూసుకుని గొడుగు అందుకుంది. "మీమీద నాకు కోపం లేదని అబద్ధం చెప్పను. కాస్త ఉంది. తగ్గుతుందిలెండి. కానీ నేను రోజూ ఎదురుచూసింది ఆ గొంతు కోసం. నాకు ఆవిణ్ణి చూడాలనుంది. నా బస్సు ఆఖరి స్టాపు మీ వీధి మొగలోనే. సాయంత్రం ఖాళీ బస్సు తిప్పుకునేముందు అక్కడ కాసేపు ఆపుతాను. తీసుకొస్తారా?"

"చూస్తాను" అంది కోడలు.

ఇంటిదారి పొడుగునా ఆమె నడిచిందో, పరిగెత్తిందో ఆమెకే తెలియదు. యాప్ తనది. మారుపేరు తనది. బీమా ఆవిణ్ణీ గులాబీల ఆవిణ్ణీ భరించి, వెతికి వెతికి పట్టుకున్న ఒక్క మనిషి. పొయ్యి రాజేసింది తను, చలి కాచుకుంది ఆవిడ. ఇంట్లోంచి కాలు బయటపెట్టకుండా, చెయ్యి చాపి తీసేసుకుంది. పైగా తల ఊపు చాలట! అన్నీ తెలిసే పంపించిందన్నమాట. దారిలో సిగ్నలు దగ్గర ఎవరో పక్కకి తప్పుకోమంటే వాళ్ళమీద కూడా విరుచుకుపడింది. మెట్లెక్కుతుంటే ఒక అబద్ధం తయారై నోట్లోకొచ్చి కూర్చుంది. ఒక్క మాట చాలు, ఆ స్నేహం తనకు దక్కకపోయినా ఆవిడకీ దక్కదు.

అత్తగారు తలుపు తీసుకుని గుమ్మంలోనే ఉంది. తల దువ్వుకుని, ఎప్పుడూ కట్టని కొత్త బట్టలు కట్టుకుంది. ఎందుకు కట్టిందో ఆవిడకే తెలియాలి.

"వచ్చిందా? ఎలా ఉంది మనిషి? పొడుగా, పొట్టా? ఏమంది?"

"రాలేదు" అంది కోడలు.

"రాలేదా?"

"రాలేదు. కూర్చుని కూర్చుని వచ్చేశాను."

అత్తగారు కోడలి ఎర్రబడ్డ కళ్ళకేసి చూసింది, చెమటతో తడిసిన మొహంకేసి చూసింది. వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి చేతిలో పెట్టింది. అప్పుడు మొదలైంది.

"రమ్మని చెప్పి రాకుండా పోతుందా? ఇంత ఎండలో పిల్లని కూర్చోబెట్టి? ఏమనుకుంటోంది తను? నువ్వు పనిమానుకుని పోయావని తెలీదూ? ఏడవకు. దాని మొహానికి నువ్వెక్కువ. ఆవిడ కాకపోతే ఇంకొకావిడ, ఊళ్ళో మనుషులే కరువయ్యారా!"

"పోనీండి అత్తయ్యా."

"ఎందుకు పోనివ్వాలి?" అని విసురుగా ట్యాబు అందుకుంది. కళ్ళజోడు సర్దుకుని, చూపుడువేలితో ఒక్కో అక్షరం పొడుస్తూ పైకి చదివింది: "'మా పిల్లని కూర్చోబెట్టి రాకుండా పోయావు. మాట మీద నిలబడని మనిషితో మాకు మాటల్లేవు. ఇక మా ఇంటికి ఫోను చెయ్యకు. చేసినా తియ్యను.' చాలా, ఇంకో నాలుగు తగిలించనా?"

మోగితే తియ్యనని రాస్తోంది అత్తగారు. సర్వీసంతా, ఆ తర్వాతా, ఏ లైన్నీ వదలని మనిషి. పగలంతా ఈ గోడల మధ్య తనతో మాట్లాడే ఒకే ఒక్క గొంతుని తన చేతులతో తనే తెంచుకుంటోంది, కోడలికి అవమానం జరిగిందని. ఆవిడ చూపుడువేలు పంపే మీట మీదికి పోతోంది. ఇదే కదా తను కోరుకుంది? అబద్ధం అనుకున్నదానికంటే బాగా పనిచేసింది. ఇంకొక్క క్షణం నోరు మూసుకుంటే చాలు.

"వద్దు!" అని ట్యాబు లాగేసుకుంది. "వచ్చింది అత్తయ్యా. వచ్చింది. నేనే అబద్ధం చెప్పాను. నేను నోరు తెరవగానే పక్కవీధివి నువ్వు కాదంది. మీ గొంతు కావాలంది. నేనక్కర్లేదు ఆవిడకి. మిమ్మల్ని తీసుకురమ్మంది."

అత్తగారు మెల్లగా కుర్చీలో కూర్చుంది.

"కనిపెట్టేసిందా" అంది.

"మీరు రోజూ ఫోనులో మాట్లాడుతున్నట్టు నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఆపేయమంటావని."

"అనేదాన్నే! నేను వెతుక్కున్న మనిషి అత్తయ్యా. ఈ ఊళ్ళో నాకంటూ ఒక్కరు కావాలనుకున్నాను. ఒక్కరు!"

"నాకు మాత్రం వద్దా?" అత్తగారి గొంతు పెరిగింది. "పొద్దున్న నువ్వు తలుపేసి పోతే మళ్ళీ నువ్వు తీసేదాకా ఈ ఇంట్లో నా గొంతు నేనే వినను. నువ్వొచ్చాకయినా ఏం మాట్లాడతావు, పాలు, గ్యాసు తప్ప?"

"మీరు అడిగేదే అవి!"

"ఇంకేం అడిగితే చెప్తావు నువ్వు?"

కోడలు ముక్కు తుడుచుకుని, ట్యాబులో రాసినదంతా ఒక్కో అక్షరమే చెరిపేసింది.

"బస్సు ఎప్పుడొస్తుందట?" అంది అత్తగారు, గోడకేసి చూస్తూ.

వాళ్ళు వీధి మొగకి చేరేసరికి బస్సు ఆగే ఉంది. దిగాల్సినవాళ్ళు దిగిపోయారు, ఎక్కేవాళ్ళు ఇంకా రాలేదు. అద్దంలోంచి డ్రైవరమ్మ కనబడుతోంది. దూరం నుంచి గబగబా నడిచొచ్చిన అత్తగారు బస్సు పది అడుగుల్లో ఉందనగా ఠక్కున నిలబడిపోయింది.

"పద ఇంటికి పోదాం."

"ఏమైంది?"

"నావల్ల కాదమ్మాయ్. మనిషి మొహం చూస్తూ మాట్లాడ్డం నాకెప్పుడూ రాలేదు. బోర్డు ముందు కూర్చున్నంతకాలం అందరూ గొంతులే. ఎదురుగా మనిషి ఉంటే నాలుక మడత పడిపోతుంది. పెళ్ళిచూపుల్లో కూడా మాట్లాడలేదని మీ మావయ్య నన్ను మూగదనుకున్నారు. ఇంకోసారెప్పుడైనా వద్దాం. పద."

పోదాం పదండి అనొచ్చు కోడలు. అంటే తప్పు కూడా కాదు, అడిగింది ఆవిడే. కోపం ఇంకా చల్లారలేదు. అయినా ఆవిడ రెక్క పట్టుకుని బస్సు దగ్గరికి లాక్కుపోయి, తలుపు మీద కొట్టింది.

తలుపు తెరుచుకుంది. డ్రైవరమ్మ సీట్లోంచి పూర్తిగా ఇటు తిరిగి, ముందు కోడల్నీ తర్వాత అత్తగారినీ చూసింది. "మీరేనా?" అంది సంతోషంగా. అత్తగారు తల ఊపింది. "ఏదీ, ఒక్కమాట మాట్లాడండి!" అత్తగారు మళ్ళీ తల ఊపింది. నోరు తెరిచింది, మూసింది. డ్రైవరమ్మ నవ్వు తడబడింది. ఈవిడ కూడా కాదేమోనన్న అనుమానం ఆ మొహంలో కనబడింది.

"మా అత్తయ్యండీ. ఆవిడే" అంది కోడలు. "మొహం చూస్తే మాట్లాడలేరు. మీరు కాసేపు అటు తిరిగి కూర్చోండి."

డ్రైవరమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మారుమాటాడకుండా అటు తిరిగి, రోడ్డుకేసి చూస్తూ స్టీరింగు మీద చేతులు పెట్టుకుంది. కోడలు అత్తగారిని డ్రైవరు వెనక సీట్లో కూర్చోబెట్టి, తను దాని వెనక సీట్లో కూర్చుంది. కూర్చుందే గానీ కుదురుగా లేదు. కిటికీ అద్దం జరిపింది, మళ్ళీ మూసింది. దిగిపోతే బాగుండునా అనుకుంది. వాళ్ళిద్దరి మధ్య తనకేం పని?

తర్వాత అత్తగారు, ఎదురుగా ఉన్న యూనిఫాం వీపుకేసి చూస్తూ, "మోకాలెలా ఉంది?" అంది.

ఆ గొంతు కోడలు ఎప్పుడూ వినలేదు. పాలు, గ్యాసు అడిగే గొంతు కాదది. లోతుగా, నిదానంగా, వినడానికి ఎంత టైమైనా ఉన్నట్టుంది. దానికి ఎవరైనా ఏదైనా చెప్పేస్తారు. తనకే ఏదో చెప్పాలనిపించి, ఆ సంగతి తెలిసి ఉక్రోషం వచ్చింది.

"అమ్మయ్య!" అని డ్రైవరమ్మ స్టీరింగు మీద చరిచింది. మోకాలి సంగతి చెప్పింది, కూతురు నిన్న తనంతట తనే వచ్చి పక్కన కూర్చుందని చెప్పింది. అత్తగారు ఊఁ కొడుతూ అన్నీ విన్నది. వింటూ వింటూ వెనక ఎవరున్నారో మర్చిపోయింది.

"మరి మీ ఇంట్లో అమ్మాయి ఎలా ఉంది ఇవాళ?" అని అడిగింది డ్రైవరమ్మ, అద్దంలో కోడల్ని చూస్తూ, తల మాత్రం తిప్పకుండా.

"ఏం చెప్పమంటావు" అంది అత్తగారు. "ఇవాళ నాకు పెద్ద అబద్ధం చెప్పింది. నువ్వు రాలేదంది. అలాగే ఉండనిస్తే నాకెప్పటికీ తెలిసేది కాదు, నీకు ఫోను చెయ్యొద్దని రాసి పంపేసేదాన్ని కూడా. మళ్ళీ తనే ఆపి, తనే నిజం చెప్పి, చెయ్యి పట్టుకుని నీ దగ్గరికి తీసుకొచ్చింది."

కళ్ళజోడు తీసి, తుడిచి పెట్టుకుంది.

"తన చోట నేనుంటే చెప్పేదాన్ని కాదమ్మా."